శని, ఆది – న్యూకాజిల్

మూడు వారాల ట్రైనింగులో నీకు మిగిలేది
ఒక్క శనివారం, ఒక్క ఆదివారం.
తక్కినవన్నీ మిషను కాడే అన్నావు.
ఆ రెండ్రోజులూ నాకు వదిలేయ్ కొండా, నేను చూసుకుంటాను.

సింధియాలో మందుల షాపువాడిచ్చిన క్యాలెండరు,
మార్చి నెల చింపి, వెనక్కి తిప్పి
వంటింటి గచ్చు మీద పరిచాను.
ఫ్యాన్ గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు గిన్నెలు.
హేమశ్రీ ఫోన్లో పటం పెద్దది చేసి చూపిస్తుంటే
ముందు నది గీశాను.
నీలం పెన్సిల్ అరిగిపోయింది, ఆకుపచ్చతోనే గీశాను.
దాని పేరు టైన్.
దాని మీద ఏడు వంతెనలట, ఒక్క ఊరికి!
మనకి కాన్వెంట్ జంక్షన్ దాటడానికే అరగంట.

శనివారం.
నైట్ షిఫ్టు దిగినట్టు మధ్యాహ్నం దాకా పడుకోకు.
ఎండు నెత్తళ్లు కట్టమన్నావు, కట్టను.
ఆ గదుల్లో ఉల్లిపాయ వేగినా పైన గంట మోగుతుందట,
బిల్డింగంతా రోడ్డు మీదికి వచ్చేస్తుందట.
చలిలో వణుకుతున్న అంతమంది ముందు
నెత్తళ్ల గురించి ఏటి చెబుతావు?

పదింటికి వంతెన దగ్గరుండు.
పడవొస్తే అది మొత్తంగా ఒరిగి లేస్తుంది,
రెప్ప ఎత్తినట్టు.
ఎప్పుడెప్పుడు లేస్తుందో టైము ఉంటుందట,
ఎంత వెతికినా మన శనివారానికి దొరకలేదు.
లేవకపోతే ఊరుకో.
నడిచి అవతలికి వెళ్లు. మళ్లీ నడిచి ఇటు రా.
వంతెనకి అదే మర్యాద.

ఓడలు మాత్రం చూడకు.
ఇరవై రెండేళ్లుగా వాటి కడుపులో దూరి
మంట పెడుతున్నావు, చాలు.
ఆ ఊళ్లోనూ ఒకప్పుడు ఓడలు కట్టేవారట.
ఇప్పుడు ఆ ఒడ్డున అద్దాల మేడలు, కాఫీ కొట్లు.
ఇది చదివి హేమశ్రీ ఆగింది.
నేను పెన్సిల్ చెక్కుకున్నాను.
మన కిటికీలోంచి యార్డు క్రేను కనబడుతుంది కదా,
అటు చూడకుండా చెక్కుకున్నాను.

ఆదివారం.
ఊరి బయట గుట్ట మీద ఇనప దేవదూత,
విమానానికున్నంత రెక్కలు.
ఇరవై ఒకటో నంబరు బస్సు.
కావాలనే తుప్పు పట్టే ఇనుముతో చేశారట.
మనూళ్లో ఉప్పుగాలి ఊరికే చేసిపెట్టే పని
అక్కడ డబ్బిచ్చి చేయించుకున్నారు.
కాళ్ల దగ్గర నిలబడి తల పైకెత్తు.
వెల్డింగు పరీక్ష చేయకు, గోటితో గీకకు.
పెళ్లి పందిట్లో ఇనప కుర్చీ
తిరగేసి చూసినవాడివి నువ్వు.
ఫొటో తీయించుకో.
అందులో నువ్వుండాలి. ఒక్క దూతైతే నాకొద్దు.

అన్నీ రాసి, గిన్నెలు తీసేసి,
గచ్చు మీదే కాసేపు కూర్చున్నాను.
బొబ్బిలి నుంచి ఈ ఊరొచ్చి పంతొమ్మిదేళ్లు.
రోప్‌వే ఎక్కలేదు.
బీచిలో నిలబెట్టిన సబ్‌మెరైన్‌ని
బస్సులోంచి చూశాను, తోక వరకు.
నాకెవరూ కాగితం మీద గీసివ్వలేదు మరి.
ఏప్రిల్ కూడా చింపాను.
అదే శని, అదే ఆది.
మనుషులు: ఒకరు. పేరు: వరాలు.
సబ్‌మెరైన్, లోపలికి. తల జాగ్రత్త.
ముంత మసాలా ఒకటి, కారం ఎక్కువ.
ఆదివారం సాయంత్రం కైలాసగిరి.

నీ ఫొటో వచ్చేసరికి
నేను తీగ మీద సగం దారిలో ఉన్నాను.
ఇక్కడ అయిదు, నీకు పన్నెండున్నర.
అందులో నువ్వు లేవు. దూతా లేదు.
తుప్పు రంగు ఇనుము మీద జానెడు అతుకు.
కింద రాశావు:
‘మంచి చెయ్యి. గీకలేదు.’

పెట్టె కొంచెం ఊగింది.
పక్కావిడ కళ్లు మూసుకుని సింహాద్రి అప్పన్నని పిలుస్తోంది.
నేను వంగి, తలుపు మడతబందు దగ్గర
అతుకు ఎక్కడుందో వెతికి
ఫొటో తీసి నీకు పంపాను.

సముద్రం ఒక మూలన
కొంచెం పడింది.